ఊరి వరస, తేదీ వరస

నా పదవీ విరమణ సభలో ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ తిప్పి తిప్పి ఒకే మాట అన్నారు, నేను రికార్డు రాస్తే వేలెత్తి చూపడానికి ఉండదని. నేను శాలువా కప్పుకుని తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు. కాదు, సిగ్గు. వెనక కుర్చీల్లో కూర్చున్న మా కంప్యూటరు ఆపరేటరుకి ఆ సంగతి తెలుసు. రెండు మాటలు చెప్పమని పిలిస్తే, వద్దులెండి అని చెయ్యి ఊపి కూర్చుండిపోయాడు.

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లల కోసం రాస్తున్నాను ఇది. మందుల గురించి, సూదుల గురించి మీకు నేను చెప్పేదేముంది, నాకంటే ఎక్కువే చదువుకున్నారు. నేను చెప్పేది కంప్యూటరు తెర మీద కుడివైపు పై మూలన ఉండే మూడు చిన్న గుర్తుల గురించి. ఒకటి నొక్కితే జాబితా ఒకలా కనబడుతుంది, ఇంకోటి నొక్కితే ఇంకోలా. మనుషులు మారరు, పేర్లు మారవు, కనబడే తీరు మారుతుంది. ఇంతేనా అంటారా? నేనూ అలాగే అన్నాను.

మా ఆసుపత్రి కోనసీమలో ఏటిగట్టుకి దగ్గరగా ఉంటుంది. ఏ ఊరో చెప్పను. చెబితే మనుషులు తెలిసిపోతారు, ఇక్కడ అందరికీ అందరూ తెలిసినవాళ్ళే. నేను అక్కడ హెల్త్ సూపర్‌వైజరుని, అంటే చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగే నర్సులందరి పనీ చూసేదాన్ని. అంతకు ముందు నేనూ అలా తిరిగినదాన్నే. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి నన్ను చదివించింది. నర్సు ట్రైనింగయ్యాక పద్దెనిమిదేళ్ళు సైకిలు మీద, పడవల మీద ఏటి మధ్య లంకలన్నీ తిరిగాను. చంకలో ఎర్ర అట్ట రిజిస్టరు ఉండేది. ఊరికి నాలుగు పేజీలు. ఏ ఊరు, ఏ వీధి, ఎవరి కోడలు, ఎన్నో నెల, చూసి చెప్పక్కర్లేదు, పేజీ తిప్పుతుండగానే నోటికి వచ్చేసేది.

ఆ రిజిస్టరు చివర ఇంకో నాలుగు పేజీలు వదిలేదాన్ని. పైన "వచ్చినవాళ్ళు" అని ఎర్రసిరాతో రాసుకునేదాన్ని. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. సీమంతం చేసి, పిల్లని తీసుకొచ్చేస్తారు. పేరు అత్తవారి ఊళ్ళో ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటుంది. అలాంటి వాళ్ళని ఆ చివరి పేజీల్లో ఎక్కించేదాన్ని. ఎవరూ నేర్పలేదు, తిరగ్గా తిరగ్గా నేనే కనిపెట్టిన పద్ధతి. దాని గురించి కొంచెం గర్వం కూడా ఉండేది.

తరవాత కంప్యూటరు వచ్చింది, దానితో పాటు ఆపరేటరూ వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. అమలాపురంలో డిగ్రీ చదివి, రెండేళ్ళు మస్కట్‌లో ఏదో గోడౌన్లో సరుకుల లెక్క చూసి, అక్కడి ఎండ పడక తిరిగొచ్చాడు. నెమ్మదస్తుడు. గర్భిణుల పేర్లన్నీ ఉండే ప్రోగ్రాం అతనే చూసేవాడు. అందులో మా ఊళ్ళవే కాదు, చుట్టూ మండలాలవి కూడా కనబడేవి. జాబితా మూడు రకాలుగా చూడొచ్చు. ఒకదాంట్లో ఊరి పేరు పట్టీలా ఉంటుంది, పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే ఆ ఊరి పేర్లు విచ్చుకుంటాయి. ఇంకోదాంట్లో ఊళ్ళు ఉండవు, కాన్పు తేదీ దగ్గరైనవాళ్ళు పైన, దూరమైనవాళ్ళు కింద, ఒకటే పొడుగు జాబితా. మూడోది ఫోటోలతో గళ్ళు గళ్ళుగా ఉంటుంది. మేం వాటికి మా పేర్లు పెట్టుకున్నాం. ఊరి వరస, తేదీ వరస, బొమ్మల వరస.

ఊరి వరస అచ్చం నా రిజిస్టరే. దాన్ని చూసిన రోజున నాకు ప్రాణం లేచొచ్చింది. అతనికి తేదీ వరస ఇష్టం. ఉన్నది ఒకటే కంప్యూటరు. పైగా దానికో అలవాటుండేది. సాయంత్రం ఎవరు ఏ వరసలో మూస్తే, మర్నాడు పొద్దున్న ఆ వరసలోనే తెరుచుకునేది. దాంతో రోజూ మా ఇద్దరికీ అక్కడే పేచీ.

"మేడం గారూ, ఇలాగైతే రేపోమాపో కాన్పయ్యే వాళ్ళు పైనే కనబడతారండీ. పక్కన రిమార్కుల గడి కూడా ఉంటుందండీ. మీ ఊరి వరసలో ఆ గడి రాదండీ, చోటు చాలదు."

"ఆ రిమార్కులు నాకెందుకండీ ఆపరేటరు గారూ? మా లంకలో ఎవరెలా ఉన్నారో కంప్యూటరు చెప్పాలా నాకు?"

"ఆయ్. మీకు తెలుసండీ."

నాకు కోపం వస్తే గారు తగిలిస్తానని ఆసుపత్రి అంతటికీ తెలుసు. మామూలుగా అతన్ని "నాయనా" అనేదాన్ని. అతనికి కోపం వస్తే "ఆయ్" అని ఊరుకునేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారే, అలాంటి మనిషిని నేను. అతను అటు మార్చడం, నేను ఇటు మార్చడం. ఫార్మసిస్టు గారైతే పొద్దున్నే వచ్చి, "ఇవాళ ఏ వరసండీ?" అని అడిగి నవ్వుకుని పోయేవారు.

ఆ ఏడు ఆగస్టులో గోదావరి వచ్చింది. పైన భద్రాచలంలో నీరు పెరిగిందని చెబితే మాకు రెండు రోజులు గడువున్నట్టు లెక్క. వరదొచ్చినప్పుడల్లా ఒక పద్ధతి ఉంది. లంకల్లో నెలలు నిండిన ఆడవాళ్ళ జాబితా మేం ఇస్తాం, పడవలవాళ్ళు ముందు వాళ్ళని ఇవతలికి తెస్తారు. ఆ తరవాతే ముసలివాళ్ళు, పశువులు. ఆ రోజు పొద్దున్న మండలాఫీసు నుంచి ఫోను వచ్చింది. పడవ రేవులో సిద్ధంగా ఉంది, పదింటికల్లా పేర్లు కావాలన్నారు.

నేను ఆపరేటరు పక్కన నిలబడి ఊరి వరస పెట్టించాను. లంక పేరు పక్కన ప్లస్ నొక్కాడు. ఏడు పేర్లు వచ్చాయి. ఏడుగురూ నాకు మొహాలు తెలిసినవాళ్ళే. ప్రింటు తియ్యమన్నాను.

"ఒక్క నిమిషం మేడం గారూ. తేదీ వరసలో కూడా ఓసారి చూసుకుందామండీ."

"ఏవండీ ఆపరేటరు గారూ, అవతల ఏరు పొంగుతోంది. ఆ గుర్తులు నొక్కుకుంటూ కూర్చోడానికి ఇదేనా అండీ వేళ?"

అతను మౌసు మీద నుంచి చెయ్యి తీసేశాడు. "ఆయ్" కూడా అనలేదు. ప్రింటు తీసి నా చేతికిచ్చాడు.

మధ్యాహ్నానికి ఏడుగురూ గట్టు మీదకి వచ్చేశారు. కాయితం పట్టుకుని రేవులో నేనే నిలబడ్డాను. ఒక్కొక్కరి పేరు పక్కన టిక్కు పెట్టి, అంబులెన్సులు ఎక్కించి అమలాపురం పంపించాను. ఏడుకి ఏడు. డాక్టరు గారు "మీరుండగా నాకు బెంగ లేదమ్మా" అన్నారు. అప్పుడుగానీ నాకు ఆకలి తెలియలేదు. ఆసుపత్రికి వచ్చి చేతులు కడుక్కుని కంప్యూటరు గదిలో కేరేజీ విప్పాను.

రెండు ముద్దలు తిన్నానో లేదో, లంక ఆశా కార్యకర్త ఫోను చేసింది. ఆమె ముందు రోజే ఒక బాలింతతో అమలాపురం వెళ్ళి, నీరు పెరిగి అక్కడే ఉండిపోయింది.

"మేడం గారూ, ఏడుగురూ వచ్చేరండీ. రేవు పక్కింటి అమ్మాయిని వేరే ఆసుపత్రికి పంపేరాండీ?"

"ఏ అమ్మాయే?"

"అదేనండీ, తొలి కాన్పు. మొన్న ఆదివారం అత్తారింటి నుంచి తీసుకొచ్చేరు. రోజులు దగ్గరపడ్డాయి. ఆపరేటరు గారికి ఆవేళే ఫోన్లో చెప్పేనండీ."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఫోను స్పీకర్లో ఉంది, ఆపరేటరు విన్నాడు. పై మూలన తేదీ వరస గుర్తు నొక్కాడు. మొట్టమొదటి పేరు ఆ అమ్మాయిదే. వారంలోపు కాన్పని గడి ఎర్రగా ఉంది. చివర రిమార్కుల్లో అతను రాసిన మాటలు: తొలి కాన్పు, పుట్టింట్లో ఉంది, లంక రేవు దగ్గర, తండ్రి ఫోను నంబరు ఇది. ఆ నంబరుకి చేస్తే మోగలేదు.

"ఎక్కించేను మేడం గారూ," అన్నాడు, వినబడీ వినబడనట్టు.

ఊరి వరసలో ఆ పిల్ల ఎక్కడుందో తెలుసా? ముక్తేశ్వరం వైపు అత్తగారి ఊరి పట్టీ కింద. ఆ పట్టీలన్నీ అడుగున మూసి ఉండేవి. మన మండలం కాదు కదా అని నేనెప్పుడూ విప్పలేదు. నా రిజిస్టరు చివరి నాలుగు పేజీలు గుర్తొచ్చాయి. తెర మీద ఉన్నది నా రిజిస్టరే అనుకున్నాను, దానికి ఆ చివరి పేజీలు లేవన్న సంగతి మర్చిపోయాను.

రేవుకి పరిగెత్తాం. నీళ్ళు పొద్దున్న ఉన్న మెట్టు మీద లేవు, నాలుగు మెట్లు పైకొచ్చాయి. పడవ నడిపే సరంగు తాడు కట్టేస్తున్నాడు. రెండో ట్రిప్పు ఆపెయ్యమని చెప్పేరట.

"ఏటి మధ్య సుడులు పడ్డాయమ్మగారూ. వెళ్తే నేనొక్కణ్ణే వెళ్ళాలి. మీరు ఎక్కొద్దు."

"నేను లేకుండా మీరెళ్ళి ఏం చేస్తారయ్యా? కాన్పు చేస్తారా?"

ఆయన నా మొహంలోకి చూసి, తాడు విప్పి, దోసెడు నీళ్ళు తీసి కళ్ళకద్దుకున్నాడు. నేను నా ప్రభువుని తలుచుకున్నాను. ఆపరేటరు ఈత రానివాడు. నా సామాను సంచీ గుండెకి హత్తుకుని, అడక్కుండానే నా వెనకే ఎక్కి కూర్చున్నాడు.

లంకలో అరటితోటల తలలు మాత్రమే కనబడుతున్నాయి. ఆ పిల్ల వాళ్ళది పెంకుటిల్లు, నీళ్ళొచ్చేశాయి. పక్కింటి డాబా మీద జనం ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు చీర అడ్డం పట్టుకుని నిలబడి ఉండడం దూరం నుంచే చూశాను. చూడగానే తెలిసిపోయింది.

కాన్పయి అరగంట దాటింది. మగపిల్లాడు. తువాలులో చుట్టి అమ్మమ్మ ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళు నీలంగా ఉంది. నోరు తుడిచి, మాస్కు పెట్టి, గాలి సంచీ నొక్కడం మొదలుపెట్టాను. కాసేపటికి ఎగశ్వాసలా ఒకటి వచ్చింది. తరవాత ఇంకోటి. తల్లి పక్కనే పడుకుని అడుగుతోంది.

"బాబు ఏడవట్లేదేంటండీ? ఏడవాలి కదండీ?"

"ఏడుస్తాడమ్మా. ముందు పడవెక్కుదాం."

తల్లిని దుప్పట్లో మోసి పడవలోకి దింపారు. తండ్రి, అంటే ఆ పిల్ల నాన్న, దారంతా ఒకటే మాట. "పొద్దున్న మా లంక రేవుకొచ్చి పడవవాళ్ళని అడిగేనండీ. లిస్టులో ఉన్నవాళ్ళు ముందు, మిమ్మల్ని రెండో ట్రిప్పులో తీసుకెళ్తామన్నారు. నాదేనండీ తప్పు. పిల్లని తీసుకొచ్చి పడవలో కూర్చోబెట్టేసుండాల్సింది. నేనొక్కణ్ణే వచ్చి అడిగేను." ఆ లిస్టు నేను తీసింది. నేను తలెత్తలేదు. వాన మొదలైతే ఆపరేటరు మా మీద గొడుగు పట్టాడు, తను తడిసిపోతున్నాడు. నేను గాలి సంచీ నొక్కుతూనే ఉన్నాను. ఏరు సగం దాటాక వేళ్ళ కింద ఆ చిన్న గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. నాకు తెలుసు. అయినా నొక్కుతూనే ఉన్నాను. రేవులో సరంగు ఇంజను ఆపాడు. ఆ చప్పుడు ఆగాక నా చెయ్యి కూడా ఆగింది.

డాక్టరు గారు గట్టు మీదే చూశారు. "ఒక్క రెండు గంటలు ముందొచ్చుంటే..." అని, నా మొహం చూసి ఆపేశారు. తల్లికి ప్రమాదం లేదన్నారు. ఆ పిల్ల అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మా కర్మండీ, మీరేం చేస్తారు? ప్రాణానికి తెగించి వచ్చేరు" అంది. నన్ను చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. నోరు తెరిచి నిజం చెప్పడానికి అది సమయం కాదనుకున్నాను. తరవాత కూడా చాలాసార్లు అలాగే అనుకున్నాను.

ఆ రాత్రే డాక్టరు గారికి చెప్పాను, పేరు కంప్యూటర్లో ఉంది, నేనే చూడనివ్వలేదని. ఆయన మంచివారు. "మనసులో పెట్టుకోకండమ్మా, వరదన్నాక వందుంటాయి" అన్నారు. జనవరి ఇరవై ఆరున జెండా కింద నిలబెట్టి నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు, వరదలో పడవెక్కినందుకు. వద్దని చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. ఇంటికొచ్చి బీరువాలో చీరల అడుగున పెట్టేశాను.

ఆపరేటరు ఒక్క మాట కూడా దెప్పలేదు. నేనే ఉండబట్టలేక ఒకరోజు అడిగాను, ఆ పిల్ల పేరు గుర్తుండే తేదీ వరస చూద్దామన్నావా అని.

"లేదండీ. రోజుకి ఎన్నో ఎక్కిస్తాం, పేరు గుర్తులేదండీ. ఎందుకో ఓసారి చూద్దామనిపించింది. గట్టిగా చెప్పాల్సిందండీ. మీరు గారు అన్నారని ఊరుకున్నాను."

ఇంకోటి కూడా చెప్పాలి. ఊరి వరసలో రిమార్కుల గడి రాదన్నాడు కదా. మిగతా గళ్ళు కొంచెం కొంచెం ఇరికిస్తే వస్తుంది. ఆ వారంలోనే అతను చేసి చూపించాడు. రెండు నిమిషాలు పట్టింది. మూడేళ్ళు పేచీ పడ్డాంగానీ, ఆ రెండు నిమిషాలు ఇద్దరం కూర్చోలేదు. పుట్టింట్లో ఉంది అన్న మాటలు కనబడుతుంటే ఆ మూసిన పట్టీలు విప్పే అలవాటు నాకు పడేదేమో. ఆ రోజు నుంచి కంప్యూటరు తేదీ వరసలో తెరిచి, తేదీ వరసలోనే మూశాం. ఫార్మసిస్టు గారు మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

ఏడాదిన్నర తరవాత ఒక పొద్దున్న ఆ అమ్మాయి ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. మళ్ళీ నెలలు. ఈసారి కూడా పుట్టింటికే వచ్చిందట. పరీక్ష అయ్యాక వెళ్ళలేదు. కంప్యూటరు గది గుమ్మం దగ్గర నిలబడింది.

"మేడం గారూ, నేను అందులో ఎక్కడున్నానో ఓసారి చూపిస్తారా?"

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆపరేటరు తెర ఆమె వైపు తిప్పాడు. ముందు ఊరి వరస చూపించాను, అత్తగారి ఊరి పట్టీ విప్పి. తరవాత తేదీ వరస. పేరు మీద వేలు పెట్టి చదువుకుంది. ఇక నాకు ఆగలేదు.

"అమ్మా, నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు కూడా నీ పేరు ఇందులో ఉంది. ఈ వరసలో అందరికంటే పైన. ఇతను చూద్దామన్నాడు, నేను చూడనివ్వలేదు. తప్పు మీ నాన్నది కాదు, నీ కర్మా కాదు. నాది."

"ఆయ్. తెలుసండీ."

అంటూనే ఆ పిల్ల తెర మీద నుంచి వేలు తీసింది.

"ఆశా అక్క అప్పుడే చెప్పిందండీ. అమ్మకీ నాన్నకీ చెప్పొద్దన్నాను. పడవెక్కి వచ్చిన మనిషిని పట్టుకుని వాళ్ళు ఏదైనా అంటారని." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "కోపం లేదని అబద్ధమాడనండీ. ఉంది. ఇప్పటికీ ఉంది."

"ఉండాలమ్మా. ఉంచుకో," అన్నాను.

ఆమె తెర వైపే చూస్తోంది. "మరి మా బాబు ఎక్కడున్నాడండీ ఇందులో?"

ఏ వరసలోనూ ఉండడు. కాన్పు అయిపోయిన పేర్లు జాబితాలోంచి వెళ్ళిపోతాయి. ముగిసినవి అని వేరే గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితేగానీ రావు. ఆపరేటరు నొక్కాడు. తల్లి పేరు, తేదీ, మగ అన్న మాట, ఫలితం అన్న గడిలో ఇంకొక్క మాట. అంతే ఉంది. బిడ్డ పేరుకి గడి లేదు. ఆమె ఆ వరుస రెండుసార్లు చదివింది.

"పేరు పెట్టుకున్నామండీ. నేనూ మా ఆయనా. ఎవరికీ చెప్పలేదు. ఇందులో రాస్తారా?"

ఆపరేటరు నా వైపు చూశాడు. కీబోర్డు నా దగ్గరికి లాక్కున్నాను. రిమార్కుల గడిలో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఆమె చెప్పిన పేరు నేనే కొట్టాను. వెనక్కి జరిగి చూపించాను. ఆమె చదువుకుని, "ఆయ్, అదేనండీ" అని, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఆ కాన్పుకి నెల ముందే అమలాపురంలో గది చూసి పెట్టాను. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది, ఆ ఏడుపు వసారాలోకి వినబడేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

బాబు పేరు మీకు ఇక్కడ చెప్పను. ఊరి వరసలో వెతికితే దొరకదు. తేదీ వరస పెట్టి, ముగిసినవి నొక్కి, తెరని కుడివైపు చివరికంటా జరిపితే ఉంటుంది. మీలో ఎవరు ఎప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటారో నాకు తెలీదు. కూర్చున్నవాళ్ళు, ఏరు ప్రశాంతంగా ఉన్న రోజున, ఒక్కసారి తెరిచి ఆ పేరు చదవండి.